వంగిన కొమ్ము ఏ పక్కది

మైదుకూరులో కర్నూలు రోడ్డు మీద నాకు ఒక చిన్న డిజైనింగ్ షాపు ఉంది. ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు, దుకాణాల బోర్డులు, మా చర్చి కూటాలకు కరపత్రాలు, ఏదైనా కంప్యూటర్ ముందు కూర్చుని నేనే చేస్తాను. ప్రింటు మాత్రం ప్రొద్దుటూరు నుంచి వస్తుంది.

పెళ్లిళ్ల కాలంలో ఒకరోజు వాట్సాప్‌కు ఒక కొత్త నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ప్రొఫైల్‌లో మనిషి ఫోటో లేదు, మైకు బొమ్మ ఉంది. "మెంబర్లకు బ్యాడ్జీలు గావాల. అయిదు రకాలు" అని రాశారు.

మాకు బ్యాడ్జీ అంటే సభల్లో జేబు మీద గుచ్చుకునేది. చుట్టూ రిబ్బను కుచ్చు, మధ్యలో గుండ్రటి అట్ట, వెనక పిన్నీసు. ఎన్ని కావాలని అడిగాను. "ఒక్కో రకం ఒకటే సాలు" అన్నారు. ఒక్కటే బ్యాడ్జీ చేయించుకునే సంఘం ఏమిటో నాకు అర్థం కాలేదు. రిబ్బను ఏ రంగు వేయాలని అడిగితే, "రిబ్బన్ వద్దు, పేరు పక్కన కనపడితే సాలు" అని వచ్చింది. జేబు మీదనా, ఇంకా పైకా అన్నాను. "జేబు కాదుమ్మా, ఫోన్లో" అని జవాబు.

ఆ తర్వాత ఒక మగమనిషి గొంతుతో వాయిస్ మెసేజ్ వచ్చింది. వాళ్లదొక లైవ్ ఛానెల్ అట. నెలనెలా కొంత కట్టి చేరినవాళ్లు మెంబర్లు. లైవ్ నడుస్తున్నప్పుడు వాళ్లు ఏదైనా రాస్తే వాళ్ల పేరు పక్కన చిన్న బొమ్మ కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఒక బొమ్మ, నెలలు గడిచేకొద్దీ ఇంకో బొమ్మ. ఎంతకాలం విడవకుండా ఉంటే అంత పెద్ద హోదా.

హోదా సంగతి నాకు కొత్త కాదు. ఫ్లెక్సీ చేసేవాళ్లకు అదే కదా తలనొప్పి. పైన పెద్ద నాయకుని మొహం, దాని కింద మధ్యరకం మొహాలు, అడుగున వరసగా చిన్న మొహాలు. నా మొహం వాని మొహం కంటే చిన్నగా ఎందుకు పెట్టినావని షాపుకు వచ్చి కొట్లాడినవాళ్లు ఉన్నారు. కానీ ఆయన పంపిన కొలతలు చూసి తికమక పడ్డాను. నా ఫ్లెక్సీలు మేడ ఎత్తు ఉంటాయి. ఈ బొమ్మ ఫోన్లో మినపగింజంత కూడా కనబడదు. అందులో హోదా ఎట్లా పట్టించేది?

ఏం బొమ్మలు గీయాలో చెప్పమన్నాను. "మొదట పాలపండ్లు. తర్వాత రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు. కడాకు సీనియర్" అని వచ్చింది.

ఎండాకాలంలో మా బస్టాండు దగ్గర ఆడవాళ్లు గంపల్లో పాలపండ్లు అమ్ముతారు. పచ్చగా, వేపపండంత ఉంటాయి, తింటే పెదవులు అతుక్కుంటాయి. బాగుంది, మన పక్క బొమ్మే అనుకున్నాను. ఆకుపచ్చ గుత్తిలో పాలపండ్లు గీశాను. ఆ తర్వాతి రెండు పండ్లు ఏ పండ్లో చెప్పలేదు కాబట్టి సీతాఫలాలు వేశాను. నాలుగు దానిమ్మలు, ఆరు మామిడిపండ్లు. సీనియర్‌కు ఏం వేయాలో తోచక నిండు గంప వేశాను. మనసుపెట్టి చేసి పంపాను.

తర్వాత ఫోన్ మోగింది.

"ఏమ్మా, మాదేమన్నా పండ్ల అంగడా?" అన్నాడాయన. కోపంగా అన్నాడో నవ్వుతూ అన్నాడో తెలియలేదు.

"మీరే కదన్నా, రెండు పండ్లు, నాలుగు పండ్లు అన్నారు?"

"ఎద్దు పండ్లమ్మా! నోట్లో ఉండే పండ్లు! బండలాగుడు పోటీలు లైవ్ పెడ్తాండాం మేము. పాలపండ్లు రాలకుంటే దూడ. రెండు పండ్లేస్తే ఒక విభాగం, నాలుగేస్తే ఇంకోటి. పండ్లను సూసి గదా వయసు కట్టేది!"

పుట్టి పెరిగింది ఈ జిల్లాలోనే. తిరునాళ్లలో ఎడ్లు బండ లాగడం చిన్నప్పటి నుంచి మైకుల్లో విన్నదాన్నే. అయినా నా బుర్ర అటు పోనేలేదు. సిగ్గుపడి, రెండు రోజులు గడువు అడిగి, వాళ్ల ఛానెల్ తెరిచి చూశాను. చదును చేసిన పొడవాటి బాట, పెద్ద రాతిబండ, దాన్ని లాగుతున్న జత ఎడ్లు, చుట్టూ ఈలలు. ఈయన గొంతు ఊపిరి తీసుకోకుండా పరిగెత్తుతుంది. పక్కన రాతలు అంతకంటే వేగంగా పైకి పోతుంటాయి. లారీ డ్రైవర్లు, కువైట్‌లో పనిచేసేవాళ్లు, రిటైరైన మాస్టర్లు, అందరూ ఎడ్ల గురించి వాదించుకుంటున్నారు. ఛానెల్ పేరుతో ఎవరో ప్రతి ఒక్కరికీ ఓపికగా జవాబు రాస్తున్నారు. మైకులో అరుస్తూనే ఈయన ఇవన్నీ ఎట్లా రాస్తున్నాడని ఆశ్చర్యపోయాను.

ఎద్దు తలలు గీశాను. అంత చిన్న బొమ్మలో పండ్లు కనబడవు కనుక కొమ్ములను బట్టి తేడా పెట్టాను. దూడకు మొలకలు, తర్వాతివాటికి కొంచెం కొంచెం పొడుగు, సీనియర్‌కు నిండు కొమ్ములు. పంపగానే "బాగుండాయి" అని వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను.

మధ్యాహ్నం ఇంకో మెసేజ్. "సీనియర్ ఎద్దుకు కుడికొమ్ము కిందికి వంచు."

వంచి పంపాను. సాయంత్రం మళ్లీ వచ్చింది. "కొమ్ము యాల వంచితివి? రెండూ సమంగా ఉండాల."

సరిచేశాను. మరుసటి రోజు పొద్దున: "నిన్న చెప్తి గదా, కుడికొమ్ము వంచమని." వంచాను. భోజనం వేళకు: "వంకర కొమ్ము వద్దుమ్మా. ఎన్నిసార్లు చెప్పాల."

ఇట్లా కొన్నాళ్లు నడిచింది. ఒకే నంబరు, ఒకే మైకు బొమ్మ. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట. ఈయనకు మతిమరుపేమో, లేదా తాగి పెడుతున్నాడేమో అనుకున్నాను. పాత మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్ తీసి, "వీటిలో ఏది ఖాయమన్నా?" అని పంపాను. ఒక రోజు గడిచింది. తర్వాత, "ఒకసారి ఇంటికి రామ్మే, మాట్లాడదాం" అని వచ్చింది.

ఇప్పటిదాకా "అమ్మా" అన్న మనిషి ఉన్నట్టుండి చనువుగా "రామ్మే" అన్నాడేమని అదొక అనుమానం.

వాళ్లది కమలాపురం దగ్గర ఊరు. కడపలో నాకు వేరే పని ఉండటంతో అది చూసుకుని అటే పోయాను. తలుపు తీసింది నలభై దాటిన ఒక ఆవిడ. చేతిలో ఫోన్, చెవి మీద కళ్లద్దాల కాడ పక్కన పెన్ను. ఆయన భార్య.

"నువ్వేనా డిజైన్ పాపవు? కూర్చో. కొమ్ము సంగతి చెప్తా" అంది.

నాకప్పుడు విషయం తెలిసింది. ఛానెల్ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. ఆయన గ్రౌండ్లో మైకు పట్టుకుంటే ఈవిడ ఇంట్లో కూర్చుని మెంబర్లకు జవాబులు రాస్తుంది. కొమ్ము వంచమన్నది ఆవిడ. వంచొద్దన్నది ఆయన. ఒకరి మెసేజ్ ఒకరికి కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఒకరితో ఒకరు ఆ మాట ఎత్తకుండా ఇద్దరూ నాకే రాస్తూ వచ్చారు.

"మీరిద్దరూ ఒక మాట అనుకుని చెప్పొచ్చు కదక్కా?" అన్నాను.

"మాకు మాటలు తక్కువమ్మే. ఎద్దును అమ్మినప్పటి నుంచి."

వాళ్లకొక ఎద్దు ఉండేదట. దూడగా ఉన్నప్పుడు తెచ్చి, ఈవిడే ఉలవలు ఉడకబెట్టి పెట్టి సాకింది. ఒక కొమ్ము పైకి లేచి ఉంటే ఇంకోటి చెంప మీదికి వాలి ఉండేది. పక్క రైతు ఎద్దుతో జతకట్టి ఊళ్లూళ్లూ తిరిగి చాలా పోటీలు గెలిచింది. దానికి వయసు మళ్లింది. ఈవిడ చెల్లెలి కాన్పుకు పుట్టింటికి పోయి ఉన్నప్పుడు ఆయన దాన్ని మంత్రాలయం దిక్కు రైతుకు సేద్యానికి అమ్మేశాడు. తిరిగి వచ్చేసరికి పశువుల గాట్లో ఎద్దు లేదు, పలుపు మాత్రం ఉంది.

"తిట్లేదు, కొట్లాడలేదు. ఏమని కొట్లాడాల? మాట రాకపాయ, అంతే" అంది ఆవిడ.

ఇంతలో ఆయన పొలం నుంచి వచ్చాడు. నన్ను చూసి కొంచెం కంగారుపడి చెంబుడు నీళ్లు తాగి, ఎదురుగా నులక మంచం మీద కూర్చున్నాడు. మైకులో అంత గడగడలాడే మనిషి, ఇంట్లో ఉన్నాడో లేడో అన్నట్టు ఉన్నాడు.

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. "సరే, వంచాలంటే ముందు ఫోటో చూపించండి. దాన్ని చూసి సరిగ్గా గీస్తాను" అన్నాను. నాకు వాళ్ల సంగతుల్లో దూరాలని లేదు. పని తెముల్చుకుని మైదుకూరు బస్సెక్కాలని ఉంది.

ఆవిడ తన ఫోన్లో ఒక ఫోటో చూపింది. ఎద్దు పక్కన నిలబడి తనే తీసుకున్నది. అందులో ఎద్దు కుడికొమ్ము వాలి ఉంది. ఆయన లేచి లోపలికి పోయి పాత ఫ్లెక్సీ ముక్క ఒకటి తెచ్చాడు. ఏదో తిరునాళ్లలో వీళ్ల జతకు అభిమానులు వేయించింది. అందులో ఎడమకొమ్ము వాలి ఉంది.

"ఎడమది వంగితే, వంచిన బొమ్మలో కుడిది యాల ఉండాల? తప్పు బొమ్మ పెట్టేకంటే సమంగా ఉండడమే మేలు" అన్నాడాయన, నావైపు చూస్తూ.

"ఎడమది యాడిది? కుడిది" అంది ఆవిడ, ఆవిడ కూడా నావైపే చూస్తూ.

"ఎద్దుకు కుడా, ఎదురుగా నిలబడిన మనకు కుడా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఎద్దుకే!" అన్నారిద్దరూ ఒకేసారి. అన్నాక మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వలపట గట్టే ఎద్దు గదమే అది. కుడిపక్కన గడితే ఎడమకొమ్ము జత ఎద్దుకు తగుల్తాండె. నేను మధ్యలో గుడ్డ సుట్టలేదా?"

"గుడ్డ సుట్టింది నేను. నువ్వు యాడ సుడ్తివప్పా? కుడితి పెట్టేటప్పుడు నా ఈ కుడిచేతికి తగుల్తాండె ఆ కొమ్ము. నా చెయ్యి నాకు తెలీదా?"

"ఆ చెయ్యి అయితే ఎద్దుకు ఎడమే గదా!"

"కాదు, నేను పక్కన నిలబడి పెడ్తాంటి!"

గొంతులు పెరిగాయి. నేను మధ్యలో ఒక పనికిమాలిన నిజం చెప్పాను. ఫోన్ ముందు కెమెరాతో తీసుకుంటే బొమ్మ అద్దంలోలాగా తిరగబడి పడొచ్చు. ఇక ఫ్లెక్సీ చేసేవాళ్లం ఎడ్లు లోపలివైపు చూసేట్టు ఉండాలని ఫోటోలను మామూలుగానే తిప్పేస్తుంటాం. కాబట్టి రెండింటినీ నమ్మలేం. అది విని ఇద్దరూ నన్నే తప్పు చేసినదాన్ని చూసినట్టు చూశారు.

కాసేపటికి ఆయన మెల్లగా అన్నాడు. "దాన్ని అమ్మినోన్ని నేను. ఎద్దు లేకుండా పోటీలకు పోతే నన్నెవరు పలకరిస్తారు? అందుకే ఫోన్ పట్టుకున్న్యా, లైవ్ మొదలుపెడ్తి. ఇప్పుడు లైవ్ పెట్టినప్పుడల్లా దాని మొగం పేర్ల పక్కన కనపడాలంటే నేను యాడ సూసేది?"

ఆవిడ లేచింది. లోపలికి పోయి నాకు అన్నం పెట్టింది. పప్పు, వేయించిన మిరపకాయలు. ఆయనకు వడ్డిస్తూ, "పోయి సూసొస్తే తెలుస్తాది గదా" అంది, గోడతో అన్నట్టు.

తర్వాతి వారం ఎద్దును చూసి రావడానికి వాళ్లు కారు మాట్లాడుకున్నారు. ఆవిడ నన్నూ రమ్మంది. నాకెందుకక్కా, మీరు ఫోటో తీసి పంపితే చాలన్నాను. "మేమిద్దరమే అంత దూరం పోతే కార్లో ఎవరు మాట్లాడాల? నువ్వు రామ్మే" అంది. ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. తెల్లవారుజామున వాళ్ల కారు నా షాపు ముందు ఆగితే ఎక్కి కూర్చున్నాను. దారి పొడవునా ఆయన ముందు సీట్లో, మేం వెనక. నంద్యాల దాటేదాకా ఎవరి కిటికీ వాళ్లది. కర్నూలులో టిఫిన్ తినేటప్పుడు మాత్రం ఆయన తన వడ తీసి ఆవిడ ప్లేట్లో పెట్టాడు. ఆవిడ తీసేయలేదు.

మంత్రాలయంలో వాళ్లు మఠంలోకి పోయి వచ్చేదాకా నేను బయట టీ అంగడి దగ్గర కూర్చున్నాను. అక్కడి నుంచి ఆ రైతు ఊరు దగ్గరే, తుంగభద్ర ఒడ్డు పొలాలు. రైతు ఇంట్లో లేడు, వాళ్లమ్మ ఉంది. మేము ఎవరమో చెబితే సంబరపడి గాటి దగ్గరికి తీసుకుపోయింది.

రెండు ఎడ్లు ఉన్నాయి. రెండింటి కొమ్ములూ పొట్టిగా, సమంగా ఉన్నాయి.

"మాది ఏదమ్మా?" అని అడిగింది ఆవిడ. అంతకాలం తను మేపిన ఎద్దును తనే అడగాల్సి వచ్చింది.

"ఇదే కదమ్మా. కొమ్ము జత ఎద్దు కంట్లో పొడుస్తాదని రెండూ కోయిస్తిమి" అంది ముసలమ్మ. "మంచి ఎద్దమ్మా. దుడ్లు పెట్టినందుకు బాధ లేదు మాకు."

"ఏ కొమ్మమ్మా, వంగింది?" అని ఆయన అడిగాడు.

ముసలమ్మ ఆలోచించింది. ఒక చేయి ఎత్తింది, దించేసి ఇంకోటి ఎత్తింది. "యాడ గుర్తుంటాదప్పా. కోసి శాన్నాళ్లాయ" అంది.

దగ్గరగా పోయి చూశాను. కోసిన మొదళ్లు ఒకేలా ఉన్నాయి. ఏదో ఒకటి కొంచెం పక్కకు తిరిగినట్టు నాకు అనిపించింది గానీ ఇంకో పక్క నుంచి చూస్తే అది కూడా అనిపించలేదు. ఆవిడ ఎద్దు మెడ కింద చేయి పెట్టి గోకింది. అది మెడ చాచింది. గోకితే ఏ ఎద్దయినా చాస్తుందేమో, నాకు తెలియదు. అది వీళ్లను గుర్తుపట్టిందా లేదా అని నేను చూస్తూనే ఉన్నాను, తేలలేదు. ఆయన మాత్రం దాని వెనక కాలి మీద ఒక పాత మచ్చ వెతికి పట్టుకుని, "ఇదే, ఇదే" అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి అటు తిరిగాడు. ఆవిడ తన పైట కొంగు ఆయన చేతికి ఇచ్చింది.

మళ్లీ కొంటామని అడిగారు. కొడుకుకు ఫోన్ చేసింది ముసలమ్మ. విత్తనం వేసే కాలంలో ఎద్దును ఎట్లా ఇస్తామన్నాడు అతను. వీళ్లు బలవంతం చేయలేదు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ ముందుసీటు వెనక నుంచి ఆయనతో మాట్లాడుతూనే ఉంది. ఎద్దు బక్కచిక్కిందా లేదా, కొమ్ములు కోసినప్పుడు నొప్పి పుట్టి ఉంటుందా, ఎవరి గాడి బాగుంది. చాలావరకు అవి పోట్లాటలే. నేను నిద్రపోయాను.

రెండు రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది. "సీనియర్‌కు కొమ్ములు పొట్టిగా, సమంగా పెట్టు. ఇప్పుడు ఎట్లుండాదో అట్లే." గంట తర్వాత ఇంకోటి. "కొమ్ము వంచుమ్మా. మనింట్లో ఉన్నప్పుడు ఎట్లుండెనో అట్లే." ఏది ఎవరు రాసి ఉంటారో ఈసారి నేను తలకిందులుగా, సమంగా అన్నది ఆవిడ, వంచమన్నది ఆయన అని ఊహించాల్సి వచ్చింది. ఫోన్ చేసి, స్పీకర్ పెట్టించి, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోమన్నాను. వాదన సాగి సాగి చివరికి వంచడానికే ఒప్పుకున్నారు. ఏ పక్క అన్నది నా ఇష్టానికి వదిలేశారు. నేను ఎడమకొమ్ము వంచాను. ఎందుకంటే ఆ పక్క రెండు పిక్సెళ్ల చోటు ఎక్కువ ఉంది. వేరే కారణం లేదు.

బ్యాడ్జీలు ఛానెల్‌లో పెట్టేశారు. మినపగింజంత బొమ్మలో కొమ్ము వంగిందో లేదో నాకే సరిగా కనబడదు. పైగా సీనియర్ బొమ్మ రావాలంటే ఏళ్లు పట్టాలి, ఇంకా ఎవరికీ రాలేదు. నేను కూడా మెంబరుగా చేరాను. బండలాగుడు మీద నాకు ఆసక్తి పుట్టిందా అంటే, లేదు. నియమాలు ఇప్పటికీ అర్థం కావు. ఆదివారాలు పని చేసుకుంటూ ఆ గొంతులు వింటూ ఉంటాను.

గొంతులు అన్నాను ఎందుకంటే, ఈమధ్య ఆవిడ కూడా గ్రౌండ్‌కు పోయి రెండో మైకు పట్టుకుంటోంది. మొన్న లైవ్‌లో కువైట్ నుంచి ఒక మెంబరు, రాబోయే బ్యాడ్జీలు ఏమిటని అడిగాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. కడపటిది మా ఇంటి ఎద్దు, కుడికొమ్ము వంగి ఉంటాది అంది. "ఎడమదిమే, మైకులో తప్పు చెప్పద్దు" అన్నాడాయన. "నువ్వు సూసినావా?" అంది ఆవిడ. బండ కదిలింది, ఎడ్లు సగం బాట పోయాయి, ఎన్ని అడుగులు లాగాయో చెప్పే దిక్కు లేదు. చూసేవాళ్లు అడుగులు చెప్పండన్నా, చెప్పండక్కా అని రాస్తూనే ఉన్నారు. నాకు నవ్వు ఆగలేదు.

ఎదురుగా పెళ్లికార్డు చేయించుకోవడానికి వచ్చిన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. "ఏమైందమ్మా, అంత నవ్వుతాండావు?" అన్నాడు.

ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు. "ఏం లేదులే పెదనాయనా. ముహూర్తం పగలా, రాత్రా చెప్పు" అన్నాను.